సచ్చిన కెప్టెన్ మళ్లీ వచ్చీసినాడు

బావా,

చీపురుపల్లిలో మనిద్దరం కూకుని ఆడిన వీడియో గేముకి కొత్త భాగం వచ్చినాది. ఏటి రాసినారో సూడు! మూడో భాగంలో మన కళ్లముందే సచ్చిపోయిన కెప్టెన్ ఇప్పుడు ఇకిలించుకుంటూ వచ్చీసినాడు. అప్పుడు సచ్చినోడు ఆడి కవల తమ్ముడంట! మొదటి భాగంలో ఆళ్లమ్మ "ఈడొక్కడే నాకు" అని ఏడ్సింది కదా, అది రాసిన ఎదవలకే గుర్తులేదు. థూ, సిగ్గులేని బతుకులు.

ఆ కెప్టెన్‌కి పెద్దకర్మని నువ్వు టీవీ ముందు ఆకేసి గారెలు పెడితే, అత్త ఎంత తిట్టిందో!

ఈరోజు నీ సంవత్సరీకం. అదే గదిలో నీ ఫొటో ముందు ఆకేసి, గారెలు పెట్టి, "ఆడొక్కడే కదరా నాకు" అన్నాది అత్త.

నీ మొకమున్నోడు ఎవడైనా వస్తాడేమోనని గుమ్మమేపు సూసినాను బావా. నేనూ సిగ్గులేని ఎదవనే.