కడవ పక్కన మీటరు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. అమ్మ నీ పటానికి దండ వేసినాక, నేను కంప్యూటరు ముందర కూచోని, మా ఆఫీసులో మూడేళ్ళుగా పోగుచేసిన లెక్కలన్నీ అందరికీ తెరిచినాను. తిరుపతి, చిత్తూరు పక్కల ఏ ఇంట్లో ఎంత వేడి ఉండాదో, ఆ ఇంట్లోవాళ్ళకు ఎట్లుండాదో ఇంక ఎవరైనా చూసుకోవచ్చు.

మన ఇల్లు మాత్రం దాంట్లో లేదు.

శ్రీకాళహస్తిలో మన రేకులిల్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉన్నట్టే, వేడి కొలిచేదానికి నేను పెట్టిన మీటరు చూపించేది. నేను నమ్మినాను. అందుకే వేడి తగ్గేదానికి మా ఆఫీసు తరపున ఇండ్ల రేకులకు తెల్లరంగు కొట్టించేటప్పుడు మన ఇంటిని ఆఖరున పెట్టినాను. రంగు వచ్చేలోపలే వడదెబ్బకు నువ్వు పోయినావు.

నీ మంచం తలాపున నేను తగిలించిన మీటరును, నేను తిరుపతి బస్సెక్కంగానే తీసి, నీళ్ళ కడవ పక్కన తడిగుడ్డ మీద పెట్టేవాడివంట. "పాప ఆఫీసు సామాను. వేడికి చెడిపోతే పాపకు మాటొస్తాది" అన్నావంట. అమ్మ మొన్న చెప్పింది. నేనిచ్చిన నోటుపుస్తకంలో మాత్రం, ఎట్లుండాది అని అడిగిన చోటల్లా "బాగుండాది" అని రాసినావు.

తప్పు లెక్క కాబట్టి నీ పేజీలన్నీ నా చేత్తోనే తీసేసినాను.

మధ్యానం ఆ మీటరును మళ్ళీ నీ మంచం తలాపునే తగిలించి, కింద కూచున్నాను. అది చెడిపోలేదు నాయనా. నేనే అరగంట కూడా ఆడ కూచోలేకపోయినాను.