రబ్బరు చక్రానికి ఇనుము

1937, కార్తీక నెల కడపటి వారం

మదరాసులో ఉన్న మా చిన్నవాడు దామోదరసామికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అన్న లక్ష్మణసామీ, రెండు ఎద్దులూ ఉన్నాం. క్షేమం అని రాయడం మర్యాద. రాయబోయి ఆగాను. నువ్వు వేళకు తింటున్నావా? టైర్ల కొట్టులో గాలి కొట్టేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టకు. అది ఎప్పుడు పగులుతుందో ఎవరికి తెలుసు.

ఎప్పుడూ అన్న చేత అరవంలో రాయించేది, ఈసారి తెలుగులో తనే రాసిందేమిటని అనుకుంటావు. మా నాయన ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలివి. వంకరగా ఉన్నా కూడబలుక్కుని చదువు. మదరాసులో తెలుగు చదవడం నేర్చుకున్నానని నువ్వు రాసినప్పుడు, దానితో ఏం పనిరా అనుకున్నాను. ఇప్పుడు అదే అక్కరకొచ్చింది.

నా దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, పెరగనూ లేదు. నీ పెళ్ళాం పెరియనాయగి విరుదునగర్‌లో పుట్టింట్లోనే ఉంది. పోయిన వారం బస్సెక్కి వెళ్ళి చూశాను. పెడితే తింటోంది, పలకరిస్తే తల ఊపుతోంది. మొదటిసారి వెళ్ళినప్పుడు పాలు ఇంకిపోవాలని రొమ్ముకు మల్లెపూలు కట్టి ఉన్నారు. ఆ వాసన ఇంకా నా ముక్కును వదల్లేదు. ఇక కానుపు ఉండదని డాక్టరమ్మ చెప్పిన మాట అన్న నీకు రాసే ఉన్నాడు.

నువ్వు పంపిన టైర్లు రోడ్డు మీద ఎట్లా పోయాయి, రాళ్ళ మీద ఎట్లా పోయాయి, బురదలో ఏం చేశాయి అని అడిగావు. మీ కొట్టు ముతలాళి, టైరులో గాలి ఊరికే పోదు, ఏదో జరిగి ఉండాలి అన్నాడని రాశావు. ఆ రోజు బండిలో కూర్చున్నదాన్ని నేను. నేనే చెప్పాలి.

రోడ్డు మీద వంక పెట్టేందుకు లేదు. చిత్రై నెలలో పత్తి వేసుకుని కోవిల్‌పట్టికి పోతే, పాత బండిలో ఆరు మూటలకే రొప్పే ఎద్దులు పది మూటలు లాగాయి. నా ఒళ్ళో చెంబు నీళ్ళు తొణకలేదు. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేసరికి ఇసక్కి ముసలిది బెదిరి గంప జారవిడిచి, పిల్లికి బండి కట్టావా నాయుడూ అని మీ అన్నను తిట్టింది. వాడు మూడు రోజులు అది చెప్పుకుని నవ్వాడు. వాడు నవ్వగా చూసి చాలా రోజులైంది.

రాళ్ళ మీద కూడా మెత్తగానే పోయింది. పాత బండి అయితే ఒంట్లో ఎముకలన్నీ లెక్కపెట్టేది. ఇది రాయి ఎక్కి, కొంచెం కుంగి, దిగింది. ఊరి బయట తిప్ప దాటేటప్పుడు, నొప్పి తెలీలేదత్తా అంది పెరియనాయగి. కానుపుకు ఆసుపత్రికి ఈ బండిలోనే తీసుకుపొమ్మని నువ్వు రాసింది అందుకే కదా.

నొప్పులు మొదలైన పొద్దున మబ్బు పట్టి ఉంది. అన్న పాత బండి కట్టబోయాడు. “వాన పడితే ఈ నల్లమట్టి కరిసల్‌లో ఇనుప పట్టా బురదను కోసుకోని అడుగు నేలను పట్టుకుంటాదిమ్మా. రబ్బరు పైపైనే జారతాది” అన్నాడు. నేనే నీ ఉత్తరం ఎత్తి చూపించి ఇది కట్టించాను.

ఇక బురద సంగతి. తిప్ప దిగి నల్లరేగడిలో అర మైలు పోయామో లేదో వాన అందుకుంది. అప్పుడే బండి ఎడమ పక్కకు ఒరిగింది. ఎడమ చక్రంలో గాలి లేదు. జిగురు మట్టి టైరు చుట్టూ పేరుకుని, చక్రం తిరగడం మానేసింది. అన్న రెండు చేతులా గీకాడు. గీకినచోటే మళ్ళీ పేరుకుంది. కుడి చక్రం ఉన్నచోటే జారింది. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి. చివరికి వాడు పాత బండి తేవడానికి ఊరికి పరుగెత్తాడు. వాడు వచ్చేలోపే బిడ్డ పుట్టాడు. మగబిడ్డ. ఏడవలేదు. నేను వీపు తట్టాను, కాళ్ళు పట్టి ఊపాను, నోట్లోకి ఊదాను. ఏడవలేదు. పాత బండి అదే బురదలోంచి మమ్మల్ని రోడ్డెక్కించింది.

ఆ పైన నువ్వు రాసింది ప్రశ్న కాదు. బండి కట్టే ముందు చక్రం చూసుకోనివాడు నాకు అన్న కాడు, వాడి గడప తొక్కను అని రాశావు. ఆ ఉత్తరం నాకు చదివి వినిపించింది మీ అన్నే. ఆ మాట దగ్గర ఆగలేదు, గొంతు మారలేదు. మడిచి నా చేతికిచ్చి ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయాడు.

వాడు చక్రం చూశాడు నాయనా. రెండు చక్రాలూ నొక్కి చూసి, గాలి కొట్టి, ఎద్దులను తోలుకురావడానికి పోయాడు. వాడు చూసి పోయాక నేను ముట్టుకున్నాను.

చూలాలు పయనం కడితే ఇనుము తోడుండాలి. పిల్ల ఒడిలో చిన్న కత్తి పెట్టాను. చాలదనిపించింది. పాత బండికి చక్రం చుట్టూ ఇనుప పట్టా ఉంది, నేలను తాకుతూ పోతుంది, ఏ దెయ్యమూ దరికి రాదు. నువ్వు కడుపులో ఉండగా నేను పోయింది దాని మీదే. ఈ బండికి నేలను తాకే ఇనుమే లేదు. దారిలో వల్లకాడు పక్కగా పోవాలి. ఎద్దు లాడం మేకు ఒకటి తీసి, పసుపు దారం చుట్టి, ఎడమ టైరు గాడిలో పెట్టి రోకలితో రెండు దెబ్బలు వేశాను. చెప్పు అడుగుకు మేకులు కొడితే ఇంకా గట్టిపడుతుంది కదా, ఇదీ అట్లాంటి రబ్బరే కదా అనుకున్నాను. గాలి ఎక్కడో లోపలి సంచిలో ఉంటుంది, ఇంత చిన్న మేకు అక్కడిదాకా పోదనుకున్నాను. తిప్ప మీది రాళ్ళు దాన్ని లోపలికి దించాయి.

తుమ్మముల్లు దిగిందని అన్న ఊరంతా చెప్పాడు. నేనూ నమ్మాను. పదిహేను రోజుల కింద దబ్బనం కోసం వాడి పనిముట్ల సంచి వెతికితే ఆ మేకు దొరికింది. దారం నల్లబడింది, ముడి మాత్రం నాదే. వాడు వచ్చి నా చేతిలో చూశాడు.

“ముల్లేమ్మా. ఎవురడిగినా ముల్లే అని సెప్పు” అన్నాడు. మేకు తీసుకుని పోయాడు. ఎక్కడ పారేశాడో అడగలేదు.

నమ్మాను అని పైన రాశాను. అది అబద్ధం. బండి ఎడమకు ఒరిగినప్పుడే నాకు తెలుసు. రెండు నెలలు నోరు మూసుకుని, మీ అన్న మాట పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు వాడిని బాడుగకు ఎవరూ పిలవరు. పత్తి మండీలో ఒకడు, లక్ష్మణసామి బండా, దారిలో దించేస్తాడప్పా అన్నాడట. రబ్బరు బండి పందిట్లో కూలబడి ఉంది. దాని కింద కోళ్ళు పొదుగుతున్నాయి.

మన్నించమని రాయడం లేదు. నువ్వు మన్నించినా ఆ బిడ్డ రాడు, పెరియనాయగి కడుపు మళ్ళీ పండదు. అన్నకు ఒక్క ముక్క రాయి. రాసినా వాడు ఒప్పుకోడు, ముల్లే అంటాడు. అయినా రాయి. నాకు జవాబు వద్దు. అక్కడ చలి ఎక్కువైతే చెవులకు గుడ్డ కట్టుకో.

ఈ ఉత్తరం రేపు అన్న చేతికే ఇచ్చి కోవిల్‌పట్టిలో తపాలు పెట్టమంటాను. వాడికి తెలుగు అక్షరాలు రావు. ఏం రాశావమ్మా అని అడిగితే, ముల్లు సంగతే రాశానని చెబుతాను.

ఇట్లు,
మీ ఇద్దరికీ అమ్మ,
అళగమ్మాళ్