పగటిపూట మూసిన కర్టెన్లు

మార్లూస్ గారికి,

సామాన్యుడి జీవితాన్ని ఉన్నదున్నట్టు సినిమాగా తీస్తానని మీరంటే, సామాన్యుల తరఫున నేను రాసి పంచే కరపత్రాల్లోని మాటే అనుకుని, మంచాన పడిన మా తాతను నేనే ఒప్పించాను. మొన్న వెలుతురు ఎక్కువైందని మీరు వీధి కిటికీ కర్టెన్లు మూయించారు. మా ఫ్రీస్‌లాండ్ పల్లెలో పగలు కర్టెన్లు మూశారంటే ఆ ఇంట్లో శవం ఉన్నట్టే. మీరు వెళ్లగానే పక్కింటి వీబె టోపీ తీసి చేత పట్టుకుని పరామర్శకు వచ్చాడు.

"ఏరా, ముసలాయన ఎప్పుడు పోయాడు?"

"ఇంకా పోలేదురా వీబె. వచ్చావుగా, కాఫీ తాగి పో," అన్నాడు తాత లోపల్నుంచి.

నవ్వుకున్నాం. కానీ ఈ ఉదయం నేను కర్టెన్లు తీయబోతే, "ఉండనీరా, పలకరింపులు కూడా అయిపోయాయిగా," అన్నాడు తాత. నన్ను తీయనివ్వలేదు.

మీ సినిమా ఏమైనా కానివ్వండి. మూయించింది మీరు. రేపు వచ్చి ఆయన చూస్తుండగా మీరే తెరవండి.

ఆయన మనవడు