రెండో కొస

బావా,

గాలిని పుట్టించింది దేవుడా, సాతానా? జవాబు చెప్పుకున్నాకే కింది మాటలు చదువు.

బీచ్ రిసార్టులు పాపపు గుంటలని కారంపూడి చర్చిలో ప్రసంగించింది నేనే. ఆ మాట పట్టుకునే, కూతురు అక్సాతో ఈ రిసార్టుకి సెలవులకొచ్చిన సలోమక్కను వెనక్కి తెమ్మని నన్ను పంపావు. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు గనుక, మన ఊరికి చేపలు తీసుకెళ్తున్న వ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అక్కను నేను తేవడం లేదు.

ఇక్కడ నాకు పాపం కనపడలేదు. చవక గదులు, చేపల పులుసు, నీళ్ళ మీద తెరచాప కట్టిన పలకలు. ఆ ఆటను విండ్‌సర్ఫింగ్ అంటారట. నేనూ ఎక్కాను. నీళ్ళ మీద నడవబోయిన పేతురులాగే మునిగి, కడుపునిండా ఉప్పునీళ్ళు తాగాను. అక్క మాత్రం అక్సా చుడీదారు వేసుకుని, లైఫ్‌జాకెట్ బిగించి, మూడు రోజుల్లోనే గాలిని లొంగదీసింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు కోచ్.

"మిరపకల్లంలో. గాలివానకి కాయల మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా ఇరవయ్యేళ్ళు పట్టుకున్నానయ్యా. రెండో కొస మా ఆయనది. చానాసార్లు వదిలేశాడు."

అందరూ నవ్వారు, అక్క తప్ప. రేపు పొద్దున ఆడవాళ్ళ పోటీ. "మీ బావ సరేనంటేనే దిగుతా, లేకపోతే లేదు" అంటోంది.

నా ప్రసంగం తప్పని సంఘం ముందు నేనే ఒప్పుకుంటాను, ఆ భారం నాది. నీ పని ఒక్కటే. ఈసారి రెండో కొస వదలకు. అన్నం తిన్నాక చూద్దామనుకోకు బావా, చొక్కా వేసుకుని ఇప్పుడే బస్సెక్కు!