తలుపుల్లేని గృహప్రవేశం

జూలై 9

ఈరోజు బోణీ లేదు. ఆషాఢం కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ మొన్న మాఘంలో కూడా లేదు.

పక్కన కర్టెన్ల షాపు మహేశ్ ఖాళీ చేసేశాడు. వాడికంటే ముందు బేకరీ, బేకరీకంటే ముందు సెలూన్. ఈ వరుసలో అందరం షాపులు తెరిచింది ఎదురుగా లేస్తున్న నీలిమేఘ ఎలైట్‌ను చూసే. నూట ఎనభై ఫ్లాట్లు. గృహప్రవేశాలు మొదలైతే కర్టెన్లకు వాడి దగ్గరికి, స్టీలు, ఇత్తడి సామాన్లకు నా దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతారని మా లెక్క. రెండేళ్లుగా ఆ టవర్‌లో ఒక్క ఇటుక కదల్లేదు. క్రేన్ మీద గద్దలు కూర్చుంటున్నాయి. నార్సింగి మొత్తంలో ప్రీమియం వ్యూ వాటికే దక్కింది.

నువ్వు ల్యాండ్ ఓనర్‌వి, నీకేం ఫికర్ అన్నా అని మహేశ్ పోతూ పోతూ అన్నాడు. వాడికి మొదటినుంచీ బుర్ర తక్కువే.

జూలై 11

ల్యాండ్ ఓనర్. రాసి చూసుకుంటే బాగానే ఉంది.

టవర్ ఉన్నచోట మా ఇల్లుండేది. బాపు బర్లను కట్టేసిన కొట్టం ఇప్పుడు వాళ్ల క్లబ్‌హౌస్. అంటే వాననీళ్లు నిండిన గుంత. జాగా ఇచ్చినందుకు ఏడో అంతస్తులో మాకు రెండు ఫ్లాట్లని అగ్రిమెంట్. అవి వచ్చేదాకా మణికొండలో కిరాయికి ఉండమన్నారు. ఐదేళ్లు దాటింది. నెలకోసారి ఇంటి ఓనర్ వచ్చి మా ఇంట్లో మనుషులను లెక్కపెట్టి పోతాడు. భవాని అప్పుడు వంటింట్లోంచి బయటికి రాదు. సొంత ఊరి పక్కనే కిరాయిదారు పెళ్లాం అయ్యానని దానికి బాధ. నాకూ అంతే. మా ఇల్లు మాకు కావాలి. ఇంకేం అక్కర్లేదు.

జూలై 26

శ్రావణం వచ్చింది. దాని వెనకే వేణు వచ్చాడు. బిల్డర్ దగ్గర మేనేజర్. ఏడాదిగా నా ఫోన్ ఎత్తనివాడు, రాజేందర్ గారూ ఎలా ఉన్నారండీ అంటూ షాపులోకి వచ్చి స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

ఆగస్టు 14న దివ్యమైన ముహూర్తం ఉందట. కంపెనీ ఖర్చుతో అందరికీ ఒకేసారి గృహప్రవేశం చేయిస్తారట. పంతుళ్లు, షామియానా, భోజనాలు అన్నీ వాళ్లవేనట. పని కొద్దిగా మిగిలింది, అయినా శుభకార్యం ఆపకూడదు కదండీ అన్నాడు. కొద్దిగా అంటే తలుపులు, కిటికీలు, కరెంటు, నీళ్లు, లిఫ్టు.

ముఖం మీదే నవ్వబోయాను. అప్పుడు, పాలు పొంగించే ఇత్తడి గిన్నెలు నూట ఎనభై మీ దగ్గరే తీసుకుంటామండీ అన్నాడు.

నవ్వలేదు. టీ తెప్పించాను.

జూలై 27

బేగంబజార్ వెళ్లి గిన్నెలకు ఆర్డర్ ఇచ్చాను.

ఆగస్టు 10, ఆదివారం

ఫ్లాట్లు బుక్ చేసుకున్న మేధావులు చూడ్డానికి వచ్చారు. కంప్యూటర్లో తప్పులు పట్టి జీతాలు తీసుకునే జాతి. గోడ లేని హాల్లో నిలబడి సోఫా ఎక్కడ వేయాలో వాదించుకున్నారు. ఒకాయన ఈశాన్యం కోసం ఫోన్‌లో కంపాస్ పట్టుకుని గుండ్రంగా తిరిగాడు. ఈశాన్యం ఎక్కడికీ పోలేదు. ఇల్లే లేదు.

రెండేళ్లుగా వాట్సాప్ గ్రూపులో బిల్డర్‌ను తిట్టిపోసినవాళ్లే ఈరోజు వేణుతో సెల్ఫీలు దిగారు. ముహూర్తం అనే మాట వినగానే ఎంత చదువైనా వరదలో కొట్టుకుపోవాల్సిందే.

ఆగస్టు 14, ఉదయం 11 గంటలకు

అయిపోయింది.

ముహూర్తం 6:10. ముందు ఆవును నడిపించాలన్నారు. అది మూడో మెట్టు దగ్గర మొండికేసింది. వచ్చిన మందలో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే.

మేం ఏడు అంతస్తులు ఎక్కాం. ప్రతి అంతస్తులో వేణు మనిషి ఒకడు కాగితాల కట్టతో నిలబడ్డాడు. భోజనాల అటెండెన్స్ అండీ, ఒక సంతకం చాలు అన్నాడు మా దగ్గరున్నవాడు. జాగా ఇచ్చినవాడినని మొదటి సంతకం నాతోనే పెట్టించారు. పెట్టాను. గర్వంగానే పెట్టాను.

మా పక్క ఫ్లాట్ ప్రియదర్శిని అనే అమ్మాయిది. నల్లగండ్లలో ఉంటుంది, టెస్టింగ్ ఇంజనీర్. కాగితాలు తీసుకుని మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టింది. వెనక మెట్ల మీద జనం ఆగిపోయారు. ఇంకా చాలామంది పెన్ను పట్టుకుని ఆలోచనలో పడ్డారు. మా వెంటే ఎక్కివచ్చిన వేణు నావైపు చూశాడు. నాకు నా గిన్నెలు గుర్తొచ్చాయి. ఫంక్షన్ ఆగితే అవన్నీ తిరిగి నా నెత్తినే పడతాయి. పాలు పొంగే యాళ్లకు కాయితాలు సదువుడేందమ్మా, అశుభం గాదా, జాగా ఇచ్చినోణ్ణి నేనే సంతకం పెట్టిన గదా అన్నాను. అందరూ వినేలా అన్నాను. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. సంతకం పెట్టేసింది. ఆమె వెనక అందరూ పెట్టారు.

గాలికి స్టవ్ రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి పాలు పొంగాయి. భవాని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఫోటోలు తీశారు.

ఆగస్టు 15

షాపులో ఖాళీ ర్యాక్ చూసి ఎన్నాళ్లయిందో.

సెప్టెంబర్ 3

సైట్ ఆఫీసు కంటైనర్‌ను లారీలో వేసుకుపోయారు. వాచ్‌మన్ లేడు. వేణు ఫోన్ స్విచాఫ్.

సెప్టెంబర్ 19

ప్రియదర్శిని షాపుకు వచ్చింది. పనులు పూర్తి చేయమని కొందరు లాయర్ నోటీసు ఇస్తే, దానికి బిల్డర్ పంపిన జవాబు చేతిలో ఉంది.

ఆగస్టు 14న మేమంతా సంతృప్తిగా ఇళ్లు స్వాధీనం చేసుకున్నామట. మిగిలిన పనులన్నీ నివాసులే చూసుకోవడానికి ఒప్పుకుని సంతకాలు చేశామట. రుజువుగా ఫోటోలు జతచేశారు. మొదటి ఫోటో నాదే. పక్కన భవాని, ముందు పొంగుతున్న పాలు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

ఆ అమ్మాయి అరిచి ఉంటే బాగుండేది. ఇంకొక్క పేజీ తిప్పితే ఆ లైన్ కనిపించేది అంకుల్ అంది. మీ ఇల్లు కూడా ఇందులోనే ఉంది కదా, మీరు చెప్తే తప్పు ఉండదనుకున్నాను అంది. నీళ్లు తాగుతావా అమ్మా అని అడిగాను. వద్దని వెళ్లిపోయింది.

ఈ డైరీలో అందరినీ గడ్డిపోచలా తీసిపారేశాను. అంతమందిలో చదివింది ఆమె ఒక్కతే. ఆపింది నేను. ఆవు పాటి బుద్ధి కూడా లేకపోయింది. చెప్పుకోవడానికి మనిషి లేడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్ 20

భవానికి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. చాటలో బియ్యం ఏరడం పూర్తిచేసింది. తర్వాత, మన ఇల్లు మనకిచ్చినమని ఆళ్లే రాసిర్రు గదా, పాలు పొంగిచ్చిన ఇల్లు ఉండంగ ఈ కిరాయింట్ల మనకేం పని, పోదాం పా అంది. పిచ్చా అన్నాను. నీ అంత లేదు అంది.

అక్టోబర్ 6

ఏడో అంతస్తులో నాలుగో రోజు. నీళ్లు బిందెలతో మోస్తున్నాం. మోకాళ్లు పోయాయి.

మా షాపుల వరుసను దాని ఓనర్ కూలగొట్టిస్తున్నాడు. నా షాపు షట్టర్‌ను పాత ఇనుము బండిలో పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. వెల్డర్ కింద జనరేటర్ పెట్టి, నవ్వుతూనే గుమ్మానికి బిగించాడు.

ఈ పొద్దున ప్రియదర్శిని మెట్లెక్కి వచ్చింది. షట్టర్‌ను ఒకసారి కిందికి లాగింది, ఒకసారి పైకెత్తింది. తర్వాత, బేకరీ షట్టర్ ఇంకా ఉందా అంకుల్ అని అడిగింది.