వదిన అనే పేరు

బర్బాంక్, కాలిఫోర్నియా
16 నవంబరు 1982, మంగళవారం

జ్ఞానమ్మ వదినగారికి ప్రభువు నామమున వందనములు. దేవుని దయవల్ల ఇక్కడ అబ్బాయి, కోడలు, పిల్లలు కులాసా. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మీరు, శాంతి, అల్లుడుగారు క్షేమమని మీ మూడో తేదీ ఉత్తరం వల్ల తెలిసింది.

మోకాలికి మీరు చెప్పిన ఆముదం పట్టీ వేస్తున్నాను. మెట్లు పదకొండూ ఆగకుండా ఎక్కుతున్నాను. పగలంతా ఏం చేస్తావని అడిగారు. పక్కింటి ప్రెంటిస్ అనే పెద్దాయన కాగితాలకు జాబితా రాశాను. ఆయన 1941లో సినిమాకంపెనీలో కథలు రాయడానికి చేరాడట. పదిహేడు సినిమాలు, టీవీ వచ్చాక రెండువందల పధ్నాలుగు ఎపిసోడ్లు రాశాడు. మూడు సీరియళ్ళు తానే తీశాడు. ఆపైన తొమ్మిదేళ్ళు ఎవరూ పిలవలేదు. ప్రతి కట్ట మీదా ఆ కథ ఎవరు చెప్పారో ఎర్రసిరాతో ఉండేది: మంగలి, పాలవాడు, తోడల్లుడు. అవన్నీ నంబర్లు వేసి ఎక్కించాను గాని, ముప్పైఏళ్ళు బడిలో కాపీలు పట్టుకున్న నాకు అనుమానమే రాలేదు.

మొన్న ఆదివారం, ఇన్నాళ్ళకు ఆయన రాసిన కొత్త సినిమా టీవీలో వచ్చింది. భర్తకు మరొకామె వల్ల పుట్టిన బిడ్డను ఒకావిడ తెచ్చుకుని, రైల్వే వెయిటింగ్‌రూములో తానే కన్నానని చెప్పి పెంచుతుంది. ఆవిడ పేరు వదిన.

వెళ్ళి నిలదీశాను.

"ఊరు మార్చాను, దేశం మార్చాను. ఆ పేరు మాత్రం మార్చబుద్ధి కాలేదు మేడమ్, ఎంత అందమైన పేరు!"

"అది పేరు కాదయ్యా. అన్న భార్యను అలా పిలుస్తాం."

"అయితే ఇంకా బాగుంది!" అని చీటీ మీద రాసుకున్నాడు.

చెప్పింది నేనే, వదినగారూ. ఆయన భార్య పోయినప్పుడు, తన దుఃఖం చెప్పుకుంటూ, "నాకు చెప్పింది నాతోనే పోతుంది" అన్నాడు. నమ్మాను. మీకు ప్రమాణం చేసి దాచిన మాట ఒక్క మధ్యాహ్నంలో ఇచ్చేశాను.

నిన్న చాండ్లర్ నుంచి మీ జోసఫ్ ఫోన్ చేశాడు. "అత్తా, సండే మూవీ చూశావా? లేడీ పేరు వదినట. బేబీ వెయిటింగ్‌రూమ్‌లో పుట్టాడట, నాలాగే. అది నా స్టోరీయేనా?"

"మీ అమ్మనడుగు" అన్నాను.

"ఏ అమ్మని?" అన్నాడు.

శనివారం మీ దగ్గరికి రావడానికి టికెట్ బుక్ చేసుకున్నాడు. మీ ఫోను హాల్లో అందరి మధ్యా ఉంటుంది గనుక ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను. వాడికి ఏం చెప్పినా, బయటపెట్టింది విమలత్త అని కూడా చెప్పండి. నన్ను కాపాడవద్దు.

ఇట్లు,
మాట తప్పిన మీ ఆడపడుచు
విమలకుమారి