టైరులో మిగిలిన ముల్లు

పాతపట్నం, 1968
గురువారం రాత్రి

మిల్లు గుమస్తా సింహాచలం ఇవాళ గుండుతో నా పంచర్ల కొట్టుకి వచ్చాడు. వాళ్ళ నాన్న పెద్దకర్మ అయిపోయింది.

ఆయన పోయిన రోజు పొద్దున్న సింహాచలం తన యజమాని మోటారుసైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక టైరు పంచరు. "బేగి అతుకేసీ బావా, శ్రీముఖలింగంలో అయ్య ఆకరి గడియల్లో ఉన్నాడట, నా కోసమే సూస్తన్నాడట" అన్నాడు. ట్యూబు లాగి, అతుకు వేసి, గాలి కొట్టి పంపేశాను. టైరు లోపల చెయ్యి పెట్టి తడమలేదు. ఎప్పుడూ మానని పని, ఆ రోజే మరిచిపోయాను.

సగం దారిలో మళ్ళీ గాలి పోయిందట. బండి చుట్టాలింట్లో పడేసి నడిచాడట. "నోట్లో తులసినీళ్ళు పొయ్యడానికైనా అయ్య అందలేదు బావా. మళ్ళీ ముల్లెక్కినాది" అన్నాడు ఇవాళ, ఆ బండినే మళ్ళీ నా ముందు పెట్టి.

టైరు విప్పాను. ట్యూబు మీద నా అతుకు పక్కనే ఇంకో బెజ్జం. టైరు లోపల తడిమితే వేలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. బయటి కొస అరిగిపోయి ఉంది. అది అప్పటి ముల్లే.

"ఏటి బావా, కొత్తదేనా?" అన్నాడు.

"కొత్తదే" అన్నాను.

"నా రాత అలాగున్నాది. ఆ పొద్దు నువ్వు పని మానుకుని సేసిన సాయం మర్సిపోను" అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను.

రేపు మిల్లుకెళ్ళి నిజం చెప్పేయాలి. చెబితే అతని ఏడుపు ఇంకా పెరుగుతుందేమో. చెప్పకపోతే ఎప్పటికీ ఇలాగే ఆప్యాయంగా బావా అని పిలుస్తాడు. ఆ పిలుపుకి నేను ఏ మొహంతో పలకను...